వెనక నుంచి వచ్చే బండి

అత్తగారు సీటు దిగనంటే దిగనన్నారు.

కొడుకు స్కూలు బస్సు తియ్యడానికి అటు వెళ్లాడో లేదో, ఇటు ఆవిడ గదిలోకి వచ్చి ఆ రేసు కారు సీటులో దర్జాగా కూర్చున్నారు. స్టీరింగు మీద ఊలు ఉండ పెట్టుకుని అల్లిక మొదలుపెట్టారు. సిమ్యులేటర్ అని కొడుకు మురిసిపోయే ఆ ఇనప చట్రాన్ని ఆవిడ ఉత్తుత్తి కారు అంటారు. ఉత్తుత్తిదైతే మాత్రమేం, ఈ పూట దాని పెత్తనమంతా ఆవిడదే.

"అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది. ఒక్క పది నిమిషాలు లేవండి."

"లేస్తే నువ్వా డబ్బాలు బిగిస్తావు."

"బిగించడానికేగా తెచ్చింది!"

"తెచ్చినదానివి తీసుకుపో. వాడికి చెవులకి పెట్టుకునేవి ఉన్నాయిగా, హెడ్‌ఫోన్లు. వాటికేమొచ్చింది?"

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఆమె సినిమా హాల్లో సౌండు చూసుకుంటుంది. వీధిలో అందరికీ ఆపరేటరమ్మ. హాలుకు కొత్త స్పీకర్లు పెడుతూ పాతవి తీసేస్తుంటే, మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి నాలుగింటిని అడిగి తెచ్చుకుంది. ముందు రెండు, వెనక రెండు. ముందువి నిన్ననే బిగించేసింది. ఇంక వెనకవి పెడితే పని అయిపోతుంది. ఆ వెనకవాటి దగ్గరే అత్తగారు భీష్మించుకు కూర్చున్నారు.

ఇదంతా ఎవరి కోసమట? ఆవిడగారి కొడుకు కోసమే. ఎల్లుండి ఆఖరి పోటీ. ఇళ్లలో కూర్చుని తెర మీద కారు నడిపేవాళ్లలోంచి ఒకరిని ఏరి, ఓ రేసు జట్టు నిజం కారు చేతికిస్తుంది. స్కూలు బస్సు డ్రైవరు అక్కడిదాకా నెట్టుకొచ్చాడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇది పోతే మరోటి లేదు. ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా, కిందటి రెండు పరుగుల్లోనూ ఎడమ పక్కకొచ్చిన బండిని చూసుకోకుండా మీదికి వెళ్లి గుద్దేశాడు. మూడోసారి గుద్దితే పోటీలోంచి పంపించేస్తామని వాళ్లు ఖరాఖండిగా చెప్పారు.

"వాడున్నట్టే తెలీలేదు," అన్నాడు ఆ రోజు మొగుడు, తెల్లబోయి.

తెలియకపోవడానికి కారణం ఆపరేటరమ్మ ఇట్టే పట్టేసింది. హెడ్‌ఫోన్లు! చెవికి అంటుకున్న డబ్బాలో వెనకేదో పక్కేదో ఎలా తెలుస్తుంది? వెనక స్పీకరు వెనకే ఉంటే, వెనక నుంచి వచ్చే బండి వెనక నుంచే వినబడుతుంది. అద్దం చూడక్కర్లేదు. ఇరవై వరసల అవతల తలుపు కిర్రుమంటే జనం మెడలు తిప్పేలా చేసే మనిషి, సొంత మొగుడి వెనక ఓ బండిని వినిపించలేదా?

చిత్రమేమిటంటే మొగుడూ మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నాడు.

"స్పీకర్లెందుకులే ఆపరేటరు గారూ. నాకు షేకర్లు చాలు," అనేవాడు.

షేకర్లంటే సీటు చట్రానికి బిగించే ఇనప ముద్దలు. ఇంజను గుర్రుమంటే అవి చెవికి వినిపించవు, ఒంటిని వణికిస్తాయి. ఒకటి చాలు, అంత లావు చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు, అని ఆమె ఎంత చెప్పినా వినలేదు. నాలుగు మూలలా నాలుగు కావాలని పట్టుబట్టి, తన చేత్తోనే బిగించుకున్నాడు. కింది ఇంట్లో లెక్చరరు గారి పైకప్పు మోగకుండా బస్సు డిపో నుంచి పాత టైరు ముక్కలు కోసి తెచ్చి చట్రం కింద పరిచాడు. అంత శ్రద్ధ! సీటు కింది వణుకు మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు పెళ్లాం తెచ్చిన స్పీకర్ల మీద లేదే అని ఆమెకు కడుపు రగిలిపోతోంది.

"నా పని లోకానికంతటికీ కావాలి అత్తయ్యా. ఈ ఇంట్లో తప్ప."

"అది కాదమ్మా."

"మరేది?"

అత్తగారి సూదులు ఆగాయి. ఆవిడ అల్లికలోకి చూస్తూ, "చప్పుడు. నాకు పడదు," అన్నారు.

"నేను మీ గదిలో పెడితే కదా చప్పుడు! సరే, కూర్చోండి. మీరేం అడ్డం కాదు."

అనడమే కాదు, చేసి చూపించింది. స్టాండ్లు లాక్కొచ్చి సీటు వెనక ఇటొకటి అటొకటి నిలబెట్టింది. వైర్లు గోడ వెంబడి తెచ్చి, తెర కింది బల్ల మీదున్న ఆంప్లిఫయరు దాకా లాగింది. మామూలుగా ఆమె పని తీరు వేరు. హాల్లోనైనా ఇంట్లోనైనా, ముందు మధ్య సీటులో కూర్చుంటుంది. ఒక్కో స్పీకరును చేత్తో చూపించి, పేరు పెట్టి పిలిచి, ఆ తర్వాతే వైరు ముట్టుకుంటుంది. ఇవాళ ఆ సీటు అత్తగారిది. అందుకని ఆంప్లిఫయరును కిందికి దించుకుని, తెరకు వీపు పెట్టి, అత్తగారికి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆవిడతో మాటకు మాట అంటిస్తూనే రెండు వైర్లూ బిగించేసింది.

"వాడు కష్టపడేది చాలదని నువ్వు కొత్త కష్టాలు తెస్తున్నావు."

"నేను కష్టాలా తెస్తున్నది? గెలవమనే కదా నా ఏడుపు!"

"గెలుస్తాడు. ఇవి లేకుండానే గెలుస్తాడు."

"మీరు పందెం కాస్తారా?"

"ఎవరమ్మా పందెం కాసేది?" అంటూ డ్రైవరు లోపలికొచ్చాడు. పొద్దుటి ట్రిప్పు అయిపోయింది. మళ్లీ స్కూలు వదిలే వేళకి వెళ్లాలి. బస్సు తాళాలు గోడ మేకుకు తగిలించి, సీటులో తల్లిని చూసి నవ్వేశాడు. "అమ్మా, ఎల్లుండి నా బదులు నువ్వు దిగుతున్నావా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా తగ్గిపోయింది. వెనక స్పీకర్ల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"బిగించేశావా?"

"బిగించేశాను. ఒక్కసారి నడిపి చూడు."

"ఇప్పుడెందుకు... ఉన్నదానికి అలవాటు పడ్డాను. పోటీ ముందు కొత్తవి పెట్టుకోకూడదు."

"షేకర్లు పెట్టి ఎన్నాళ్లయింది? అవి కొత్తవి కావా?"

"వాటి సంగతి వేరు."

"వేరెందుకయ్యా? అవి నువ్వు కొన్నావు, ఇవి నేను తెచ్చాను, అంతేగా!"

"వాణ్ణి వదిలెయ్యమ్మాయ్," అన్నారు అత్తగారు. "వద్దంటున్నాడు కదా."

ఆపరేటరమ్మ చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీదికి విసిరేసింది. "మీ తల్లీకొడుకుల ముందు మాట్లాడటం కంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయం!"

ఎప్పుడూ మాటకు మాట అంటించే అత్తగారు నోరు మెదపలేదు. మొగుడు కోప్పడలేదు, నవ్వలేదు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊలు ఉండ స్టీరింగు మీంచి జారి కింద దొర్లుతుంటే ఎవరూ పట్టుకోలేదు. నోరు జారినందుకు ఆపరేటరమ్మకు సిగ్గేసింది. పెద్దావిణ్ణి పట్టుకుని ఎంత మాట అనేశాను అనుకుంది. క్షమించమని అడుగుదామంటే కోపం ఇంకా గొంతులోనే ఉంది.

"అమ్మా, లే," అన్నాడతను చివరికి.

"వద్దురా."

"లేవమ్మా. అంత కష్టపడి తెచ్చింది. ఒక్కసారి నడుపుతాను."

అత్తగారు లేచారు. లేస్తూ కొడుకు భుజం నొక్కారు. ఆ నొక్కడం చూసి, నా మీద జాలిపడమని చెబుతున్నారు కాబోలు అనుకుంది కోడలు.

అతను సీటులో కూర్చుని చేతి తొడుగులు వేసుకున్నాడో లేదో హాలు నుంచి ఫోను. మధ్యాహ్నం ఆటకు ముందు వరసలో ఏదో గరగర అట, మేనేజరు గాభరా పడుతున్నాడు. ఆమె బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఏ తీగ కదపాలో, ఏది కదిపితే కొంప మునుగుతుందో చెప్పింది. లోపల ఇంజను హోరెత్తుతోంది. గోడ అవతల నుంచే ఆమె చెవి దాన్ని తూకం వేస్తోంది. బాగుంది. బ్రహ్మాండంగా ఉంది.

తిరిగి వచ్చేసరికి అతను తొడుగులు విప్పుతున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆపరేటరు గారూ, నీకో దండం! ఎడమ వెనక నుంచి వాడొస్తుంటే నా మెడ మీద ఊపిరి తగిలినట్టే ఉంది. ఎడమనున్నవాడు ఎడమనే వినిపించాడు. దారిచ్చాను, పోనిచ్చాను, మళ్లీ పట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఇది లేక ఎలా నడిపానో!"

"మరి వద్దన్నావు?"

"మూర్ఖుణ్ణి."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజుల దెబ్బలాట, మూతి విరుపులు, అన్నీ ఎటు పోయాయో! గుమ్మంలో అత్తగారు కూడా పెద్దగా ఊపిరి వదిలారు. "చాల్లే, భోజనానికి రండి," అంటూ వంటింటికి నడిచారు. ఆవిడ గొంతు తేలికపడింది.

"నువ్వెళ్లి తింటూ ఉండు. నేను ఒక్కసారి విని వస్తాను," అంది ఆపరేటరమ్మ.

అది ఆమె అలవాటు. మధ్య సీటులో కూర్చుని తను వినకుండా ఏ హాలునీ జనానికి వదల్లేదు. అతను చేతులు కడుక్కోడానికి వెళ్లగానే సీటులోకి జారి, ఇప్పుడతను నడిపిన పరుగునే తెర మీద మళ్లీ వేసింది.

ఇంజను గుర్రుమంది. నడుం కింద షేకర్లు సన్నగా వణికాయి. మలుపులో రోడ్డు అంచు తగిలితే తగిలిన మూలే అదిరింది. నాలుగెందుకన్నాడో ఆమెకు ఇప్పుడర్థమైంది. చెవికి దిక్కు తెలియని చప్పుడు తొడకు తెలుస్తోంది. పర్వాలేదు, మా ఆయన తెలివైనవాడే అనుకుని నవ్వుకుంది.

వెనక నుంచి ఆ బండి వచ్చింది.

ఎడమ తొడ కింద షేకరు గట్టిగా అదిరింది. చప్పుడు మాత్రం కుడి చెవి వెనక మోగింది.

ఆమె ఉలిక్కిపడి కుడి వైపు తిరిగింది. తెర మీద అద్దంలో బండి ఎడమ పక్కనే ఉంది. ఒళ్లు ఎడమంటోంది, చెవి కుడంటోంది.

"ఛీ, నా బుద్ధి మండా!" అని నాలిక కరుచుకుంది. అత్తగారికి ఎదురుగా కూర్చుని బిగించానే! నా కుడి ఎడమలు చూసుకున్నాను గానీ సీటులో ఉన్నవాళ్లవి చూడలేదు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి పోయింది. నిన్న పనిలో చేరిన కుర్రకుంక కూడా చెయ్యని తప్పు. నవ్వుకుంటూనే వంగి వైర్ల మీద చెయ్యి వేసింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మరి అతను ఏం విన్నాడు?

ఎడమనున్నవాడు ఎడమనే వినిపించాడన్నాడు. మెడ మీద ఊపిరన్నాడు. ఇంత తేడా ఎవరికి తెలియదు? హాల్లో పల్లీలు నములుతూ కూర్చున్నవాడు కూడా లేచి అరుస్తాడు. మళ్లీ వేసింది. మళ్లీ ఎడమ తొడ, కుడి చెవి. మూడోసారి వెయ్యబుద్ధి కాలేదు. షేకర్ల అమరిక తెరిచి చూసింది. కుడి వైపువి సగానికే ఉన్నాయి. ఎడమ వైపు రెండూ చివరిదాకా పెంచి ఉన్నాయి. పక్కకి బండి వస్తే అదరాలన్న గుర్తు ఎడమవాటికి మాత్రమే పెట్టుకున్నాడు.

కుడి పక్క అవసరం లేదు. కుడి పక్క వినబడుతుంది.

ఒక్కొక్కటే వచ్చి మీద పడ్డాయి. వానల్లో అతనికి వచ్చిన ఆ జ్వరం. అప్పుడామె రోజుకు నాలుగాటలు చూసుకుంటూ ఇంట్లో నిలిచింది లేదు, చేసిందంతా అత్తగారే. జ్వరం తగ్గాక గాలాడట్లేదని మంచంలో పక్క మార్చుకున్నాడు. వీధిలో నడిచేటప్పుడు నవ్వుతూ చెయ్యి పట్టి ఆమెను కుడి పక్కకు లాక్కుంటాడు. మురిపెమనుకుంది! అత్తగారు కూర వడ్డించడానికి కూడా బల్ల చుట్టూ తిరిగి కుడి పక్కకే వెళతారు. చాదస్తమనుకుంది.

శంఖం అన్నాను కదూ, అనుకుంది.

"భోజనం చల్లారిపోతోంది," అంటూ అత్తగారు వచ్చి, కోడలి చేతిలో వైర్లు చూసి, ఆమె మొహం చూసి, గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"ఏది?"

"నన్నింక వెర్రిదాన్ని చెయ్యకండి."

అత్తగారు తలుపు దగ్గరగా వేశారు. గోడకు ఆనుకుని, "జ్వరం తగ్గిన దగ్గర్నుంచి," అన్నారు. "డాక్టరుకు చూపించాం. ఆలస్యమైంది, ఇంక ఆ ఎడమ చెవి రాదన్నారు."

"నాకు చెప్పాలని మీకనిపించలేదా?"

"నేను చెబుతానన్నాను. వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. చెవితో బతికేదానివి, చెవి పోయినవాణ్ణి చూసి ఏమనుకుంటావో అని వాడి భయం."

"ఏమనుకుంటానట?" ఆమె సీటులోంచి లేచింది. "నేనేమనుకుంటానో నన్ను అడగాలి కదా! ఇద్దరూ కలిసి నన్ను బయట నిలబెట్టారు. పొద్దున్నుంచి మీరు సీటులో కూర్చుంది చప్పుడు పడక కాదు. ఇందుకు."

"ఇందుకే."

"అత్తయ్యా, ఆయన వెనకాల బస్సులో పిల్లలుంటారు. వాళ్లు ఎక్కే దిగే తలుపు ఎడమ వైపే."

"అద్దాలు చూసుకుంటాడమ్మా. ఒకటికి పదిసార్లు చూసుకుంటాడు."

"ఈ ఆటలోనూ అద్దాలున్నాయి. మరి రెండుసార్లు ఎందుకు గుద్దాడు?"

అత్తగారు ఉన్నట్టుండి ముసలావిడ అయిపోయినట్టు చేతులు వేలాడేశారు. కోడలి దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఎప్పుడూ పట్టుకున్న మనిషి కాదు.

"ఎల్లుండి గెలిస్తే బస్సు మానేస్తానన్నాడు. తనే అన్నాడు. ఎల్లుండి దాకా ఆగు తల్లీ. ఇప్పుడడిగితే వాడు కుప్పకూలిపోతాడు. పోటీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. రెండు రోజులు తెలీనట్టుండు. ఆ వైర్లు సరిచేసెయ్యి. నీ చేతిలో పని."

నిజమే, చేతిలో పని. రెండు వైర్లు అటూ ఇటూ మార్చడానికి ఎంతసేపు? మారిస్తే ఎడమనున్నవాడు నిజంగానే ఎడమన మోగుతాడు. అతను చెప్పిన అబద్ధం కూడా నిజమైపోతుంది. ఎల్లుండి గెలవవచ్చు. గెలవాలనే కదా హాలు మేనేజరు కాళ్లావేళ్లా పడింది!

గోడ గడియారం చూసింది. స్కూలు వదిలే వేళ కావస్తోంది. ఎల్లుండి దాకా ఆగొచ్చు. ఇవాళ్టి ట్రిప్పు ఆగదు.

వైర్లు అలాగే వదిలేసింది. గోడ మేకు మీది బస్సు తాళాలు తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"అమ్మాయ్, వద్దు," అన్నారు అత్తగారు.

అప్పుడే అతను మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఇద్దరూ ఇక్కడే మంతనాలా? నేను తినేశాను. మీరు తినండి," అంటూ సీటు అంచున కూర్చుని బూట్లు తొడుక్కోసాగాడు. హుషారుగా ఈల వేస్తున్నాడు. అంత హుషారు చూసి ఎన్నాళ్లయిందో!

ఆమె అతని ఎడమ పక్కకు వెళ్లి నిలబడింది. మనసులో ఒకటే మొక్కు, నేను పొరబడ్డానని తేలాలి.

"ఇవాళ బస్సు తియ్యొద్దు," అంది, పక్కనున్న మనిషితో మాట్లాడేటంత గొంతుతో.

ఈల సాగుతూనే ఉంది. లేసు ముడి పడింది.

"నీకు ఈ చెవి వినబడదని నాకు తెలిసింది. ఇవాళ బస్సు తియ్యొద్దు."

రెండో బూటు అందుకున్నాడు. గుమ్మం దగ్గర అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కోడలి కళ్ల వెంట నీళ్లు జారుతున్నాయి, తుడుచుకోలేదు. మూడోసారీ అదే మాట అంది.

అతను లేసు బిగిస్తూ తలెత్తాడు. ఎదురుగా ఆరిపోయిన తెర, నల్లగా. అందులో నోరు మూసుకున్న తల్లి కనబడింది. తన పక్కన, పెదవులు కదుపుతున్న పెళ్లాం కనబడింది. ఆమె పిడికిట్లో తాళాల గుత్తి.

ఈల ఆగిపోయింది.

అతను పక్కకి తిరగలేదు. ఆ తెరలోకే చూస్తూ, "ఎంతసేపట్నుంచి మాట్లాడుతున్నావు?" అన్నాడు.

అతను లేసు ముడి నెమ్మదిగా పూర్తి చేసి, లేచి, ఆమె మొహంలోకి చూడకుండా అరచెయ్యి చాపాడు.

"తాళాలివ్వు. పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారు."

ఆపరేటరమ్మ అతని ముందు నుంచి నడిచి, బాగా వినబడేలా కుడి పక్కకు వచ్చింది.

"ఇవ్వను," అంది.